పొరుగువాడు లేని మాట
సమీర్ నఖ్ఖాష్ నవలలో బాగ్దాదు యూదుల అరబీ

ఒక మాండలికం అంతరించే దశకు చేరినప్పుడు దానిని భద్రపరచే మార్గాలు మూడు. దాని పదాలను ఏర్చి నిఘంటువు కూర్చవచ్చు. దానిని ఎరిగిన వృద్ధుల మాటలను ధ్వనిముద్రణ చేయవచ్చు. లేదా ఆ మాండలికంలోనే సాహిత్యాన్ని సృష్టించవచ్చు. మొదటి రెండు పండితులు చేయగలిగిన పనులు. మూడవది రచయిత మాత్రమే చేయగలిగినది, అన్నింటికంటె ప్రమాదంతో కూడినది. చదివేవారు కరువైన భాషలో రాయడమంటే ఎవరూ లేని ఇంటి తలుపు తట్టడం వంటిది.

బాగ్దాదు యూదుల అరబీ విషయంలో ఈ మూడు ప్రయత్నాలూ జరిగాయి. మూడవ మార్గాన్ని చివరిదాకా విడువక నడిచినవారు సమీర్ నఖ్ఖాష్. ఆయన 1938లో బాగ్దాదులో జన్మించారు. 1951లో, పదమూడేళ్ళ వయస్సులో, కుటుంబంతో ఇజ్రాయెల్ చేరారు. 2004లో అక్కడే మరణించారు. ఆయనతోపాటు వలసవచ్చిన రచయితలలో అనేకులు హీబ్రూకు మారిపోగా, నఖ్ఖాష్ మాత్రం జీవితాంతం అరబీలోనే కథలు, నవలలు, నాటకాలు రాశారు. 1986లో వెలువడిన 'నుజూలా వ ఖైతుష్షైతాన్' వాటిలో ముఖ్యమైనది. 'నుజూలా' అంటే ఒక ఇంట్లో అద్దెకు దిగినవారు. 'ఖైతుష్షైతాన్' అంటే అక్షరార్థంలో సైతాను దారం, అనగా సాలెగూటి పోగు. 1940ల నాటి బాగ్దాదులో యూదులు, వారి ముస్లిం పొరుగువారు కలిసి మెలసి బ్రతికిన బ్రతుకు ఈ నవలకు వస్తువు. పాత్రలు ఎవరి మాండలికంలో వారు మాట్లాడతారు. పుట అడుగున ఆ మాటలకు గ్రాంథిక అరబీలో అర్థాలు ఉంటాయి.

ఈ నవలను మెచ్చినవారు ఒక మాండలికానికి కట్టిన స్మారకంగా దానిని మెచ్చారు. నిరసించినవారు అధస్సూచికల బరువును చూసి నిరసించారు. ఈ రెండు తీర్పులూ ఒకే పొరపాటు మీద ఆధారపడి ఉన్నాయి. నవలలో ఒకే మాండలికం ఉన్నట్లు రెండు పక్షాలవారూ భావించారు. వాస్తవానికి అందులో ఉన్నది మాండలికాల నడుమ సంబంధం. నఖ్ఖాష్ సాధించిన విజయాన్ని గాని, ఆయన లోపాన్ని గాని ఆ సంబంధం వెలుగులోనే తూచవలసి ఉంటుంది. అందుకు ముందుగా బాగ్దాదు నగరంలో భాష ఏ తీరుగా పంచబడి ఉండేదో తెలుసుకోవడం అవసరం.

ఒకే నగరం, మూడు పలుకులు

బాగ్దాదు మాండలికాలపై ప్రామాణిక గ్రంథం హాయిమ్ బ్లాంక్ రచించినది. 1964లో హార్వర్డు విశ్వవిద్యాలయం దానిని ప్రచురించింది. బ్లాంక్ 1948 యుద్ధంలో చూపు కోల్పోయారు. కేవలం చెవి ఆధారంగా పనిచేసిన ఈ పండితుడు, ఒకే నగరంలో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు మూడు వేర్వేరు మాండలికాలు మాట్లాడుతూ వచ్చారని సోదాహరణంగా నిరూపించారు. ఊరికీ ఊరికీ పలుకు మారడం ఎక్కడైనా ఉన్నదే. ఒకే వీధిలో, గోడకు ఆ పక్కా ఈ పక్కా, సమాజాన్నిబట్టి పలుకు మారడం మాత్రం అరుదైన విషయం.

'నేను అన్నాను' అనే చిన్న మాటను తీసుకుంటే ఈ భేదం తేటపడుతుంది. బాగ్దాదు ముస్లిం 'గిలిత్' అంటాడు. యూదుడు, క్రైస్తవుడు 'ఖెల్తు' అంటారు. గ్రాంథిక అరబీలో గొంతు లోతునుండి పలికే 'ఖాఫ్' అక్షరం ముస్లిం నోట 'గ'గా మారింది, యూదుని నోట యథాతథంగా నిలిచింది. 'ఉండెను' అనే అర్థంగల 'కాన్' ముస్లిం పలుకులో 'చాన్' అయింది, యూదుల పలుకులో 'కాన్'గానే మిగిలింది. అన్నింటినీ యూదులు పాతరీతిలోనే నిలుపుకున్నారని అనుకోరాదు. 'తల' అనే అర్థంగల 'రాస్' ముస్లిం పలుకులో మారలేదు. యూదుని నోట మాత్రం రేఫ కాస్తా 'ఘైన్'గా మారి 'ఘాస్' అయింది.

ఈ భేదానికి కారణాన్ని మతంలో వెతకడం పొరపాటు. యూదులు, క్రైస్తవులు పలికే 'ఖెల్తు' రీతి అబ్బాసీయుల కాలపు నగరవాసుల అరబీకి సంతతి అని భాషావేత్తల అభిప్రాయం. 1258లో మంగోలుల చేతిలో బాగ్దాదు పతనమైన తరువాతి శతాబ్దాలలో ఎడారి తెగలవారు, పల్లెవాసులు నగరానికి తరలివచ్చారు. నగరంలోని ముస్లింల పలుకు ఆ వచ్చినవారి పలుకుతో కలిసి క్రమంగా మారింది. తమ పేటలలో, తమలో తామే పెళ్ళి సంబంధాలు చేసుకుంటూ జీవించిన యూదులు, క్రైస్తవులు పాత నగర భాషను నిలుపుకున్నారు. దీనికి బలమైన సాక్ష్యం మోసుల్ నగరం. అక్కడి ముస్లింలు కూడా 'ఖెల్తు' రీతి అరబీయే మాట్లాడతారు. కాబట్టి బాగ్దాదులో 'యూదుల పలుకు'గా పేరుపడినది పుట్టుకచేత యూదులది కాదు. ఖలీఫాల నగరంలో ఒకప్పుడు అందరి నోటా మెదిలిన అరబీ, చరిత్ర గతిలో ఒక చిన్న సమాజం చేతిలో మిగిలిపోయింది. ఇస్లామీయ నాగరికతను అధ్యయనం చేసేవారు ఈ మాండలికాన్ని పరాయిదిగా చూడరాదనడానికి ఈ ఒక్క విషయం చాలు.

యూదుల అరబీ రచనా సంప్రదాయం కూడా ఆ నాగరికతలో భాగమే. తౌరాతును అరబీలోనికి అనువదించిన సఆదియా గావోన్ (882–942) బాగ్దాదులో జీవించిన పండితుడు. మూసా ఇబ్న్ మైమూన్ తన తాత్విక గ్రంథం 'దలాలతుల్ హాయిరీన్'ను 12వ శతాబ్దంలో అరబీ భాషలో, హీబ్రూ లిపిలో రచించారు. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో కూడా బాగ్దాదు మతాచార్యుడు యూసుఫ్ హయ్యిమ్ స్త్రీల కోసం 'ఖానూనున్నిసా' అనే నీతిగ్రంథాన్ని ఈ రీతిలోనే రాశారు. ఆ పేరు విన్న ఉర్దూ పాఠకుడు సైతం ఎవరినీ అర్థం అడగనవసరం లేదు.

మాట మార్చుకునే విద్య

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో బాగ్దాదు జనాభాలో యూదులు దాదాపు నాలుగో వంతునుండి మూడో వంతు వరకు ఉండేవారని అంచనా. ఇంట్లో వారు తమ పలుకు పలికేవారు. బజారులో, కచేరీలో, ముస్లిం మిత్రునితో ముస్లింల పలుకుకు మారేవారు. ముస్లింలు మాత్రం యూదుల పలుకును వినేవారే గాని, దానికి మారవలసిన అవసరం వారికి కలిగేది కాదు. ఈ అసమానతను దాచిపెట్టి ఆనాటి సహజీవనాన్ని పొగడడం సత్యానికి న్యాయం చేయదు. మాట మార్చుకునే భారం ఎల్లప్పుడూ సంఖ్యలో తక్కువైనవారి మీదనే పడింది.

అయినా ఆ మార్పిడిలోనే ఒక విద్య ఉన్నది. వాకిలి దాటగానే ధ్వని మార్చగలిగినవాడు ఇద్దరి లోకాన్నీ ఎరిగినవాడు. ఎదుటివాని మొదటి మాటలోనే అతడు ఎవరో పోల్చుకునేవాడు. ఒక సామెతను తన పలుకులో చెప్పి, అదే సామెతను పొరుగువాని పలుకులో చెప్పి నవ్వించగలిగేవాడు. మాండలికానికి ప్రాణం ఈ రాకపోకలలో ఉండేది.

ఆ రాకపోకలు పదేళ్ళలో తెగిపోయాయి. 1941 జూన్ 1, 2 తేదీలలో 'ఫర్హూద్'గా పేరుపడిన మారణకాండ బాగ్దాదులో జరిగింది. సుమారు 180 మంది యూదులు హతులయ్యారని సాధారణంగా చెప్పే లెక్క. ఆ రెండు రోజులలోనే తమ ఇళ్ళలో యూదులకు ఆశ్రయమిచ్చి కాపాడిన ముస్లిం కుటుంబాలు కూడా ఉన్నాయి. ఈ రెండు విషయాలలో దేనినీ మరొకదాని కోసం మరుగుపరచరాదు. 1948 యుద్ధంతో పరిస్థితి మరింత విషమించింది. పౌరసత్వం వదులుకొని దేశం విడిచిపోయేందుకు యూదులకు అనుమతినిచ్చే చట్టాన్ని ఇరాకీ పార్లమెంటు 1950 మార్చిలో చేసింది. 1951 మార్చిలో, అప్పటికే పేర్లు నమోదు చేసుకున్నవారి ఆస్తులను స్తంభింపజేసింది. 1950, 1951 సంవత్సరాలలో సుమారు 1,20,000 మంది ఇరాకీ యూదులు ఇజ్రాయెల్ చేరారు. రెండువేల అయిదు వందల సంవత్సరాల నివాసం విమాన ప్రయాణాలతో ముగిసింది.

చేరినచోట వారిని గుడారాలు, రేకుల కొట్టాలతో కూడిన తాత్కాలిక శిబిరాలలో ఉంచారు. అరబీ అక్కడ శత్రువుల భాషగా చూడబడింది. అధికార భాషగా దానికున్న హోదా 2018 వరకు కాగితం మీద నిలిచింది. వీధిలో దానికి గౌరవం దక్కలేదు. పిల్లలు బడిలో హీబ్రూ నేర్చి, తండ్రి బస్సులో బిగ్గరగా అరబీ మాట్లాడితే సిగ్గుపడే స్థితి వచ్చింది. షిమోన్ బల్లాస్ ఆ శిబిర జీవితాన్ని 1964లో హీబ్రూ నవలగా రాశారు. సామీ మిఖాయీల్ మొదట హైఫాలోని అరబీ పత్రికకు రాసి, తరువాత హీబ్రూ నవలాకారుడిగా ప్రసిద్ధికెక్కారు. నజీబ్ మహ్‌ఫూజ్ రాసిన కైరో నవలాత్రయాన్ని హీబ్రూలోనికి అనువదించింది కూడా ఆయనే. వారి నిర్ణయాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. పాఠకులు ఉన్నచోటికి రచయిత వెళ్ళాడు. నఖ్ఖాష్ వెళ్ళలేదు.

రెండు పుటల నవల

ఆధునిక అరబీ సాహిత్యంలో సంభాషణలను ఏ భాషలో రాయాలనేది పాత వివాదం. మహ్‌ఫూజ్ తన పాత్రలందరిచేతా గ్రాంథిక అరబీలోనే మాట్లాడించారు. ఈజిప్టు మాండలికంలో సంభాషణలు రాసినవారికి రేడియో, చలనచిత్రం తోడ్పడ్డాయి. కైరో పలుకు మరాకష్‌లో కూడా చెవికి పరిచితమే. బాగ్దాదు యూదుల పలుకుకు అటువంటి తోడు ఏదీ లేదు. అరబ్బు దేశాలలోని పాఠకుడికి అది తెలియదు. ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లలకు అరబీ లిపే రాదు. ఆ పలుకు తెలిసిన తరం నఖ్ఖాష్ రాస్తుండగానే తరిగిపోతూ వచ్చింది.

ఈ స్థితిలో ఆయన ఎన్నుకున్న పద్ధతి సాహసోపేతమైనది. యూదు పాత్ర 'ఘ' అంటుంది, ముస్లిం పాత్ర 'ర' అంటుంది. ఎవరు మాట్లాడుతున్నారో ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు, ధ్వనియే చెబుతుంది. వాక్యం మారకుండా ధ్వని మారిందంటే, పాత్ర ఎవరివైపు తిరిగి మాట్లాడుతున్నదో చదువరికి తెలుస్తుంది. భయం, చనువు, వెటకారం, లోకువ అన్నీ ఒక్క అక్షరంలో ఇమిడిపోతాయి. ఈ సౌలభ్యం గ్రాంథిక అరబీలో రాసే నవలాకారుడికి అందనిది. ముస్లిం పాత్రల పలుకును కూడా నఖ్ఖాష్ అంతే శ్రద్ధతో పట్టుకున్నారు. తన సమాజపు మాటను కాపాడుకోవడమే ఆయన లక్ష్యమైతే ఈ శ్రమ అక్కరలేదు. ఒకరి మాట వినిపించాలంటే రెండవవారి మాట కూడా పక్కనే వినిపించాలని ఆయన గ్రహించారు. 'ఘాస్' అనే మాటకు రుచి 'రాస్' అనే మాట వీధిలో ఉన్నంతవరకే.

ఇక లోపాలను గురించి. అధస్సూచికలు పుటను రెండుగా చీల్చివేస్తాయి. పైభాగంలో మనిషి మాట్లాడతాడు, కిందిభాగంలో పండితుడు వివరిస్తాడు. కళ్ళు పైకీ కిందికీ తిరుగుతుండగా కథాగమనం కుంటుపడుతుంది. కోపంతో అన్న మాట అర్థం తెలిసేసరికి చల్లారిపోతుంది. నవ్వు సంగతి చెప్పనే అక్కరలేదు, వివరించిన హాస్యం హాస్యంగా మిగలదు. పైగా, సామెతలూ తిట్లూ దీవెనలూ ఒకదానిపై ఒకటి కుప్పపడిన చోట్ల పాత్ర అవసరంకన్న సేకర్త ఆరాటమే ముందుకు వస్తుంది. ఇది ఇప్పుడు రాయకపోతే ఇక ఎవరూ రాయరన్న తొందర అది. ఆ తొందర సహజమైనదే, సానుభూతికి తగినదే. అయినా నవలకు అది భారం. గొప్ప నవలాకారుడు కొన్ని మాటలను పోనివ్వడానికి సిద్ధపడతాడు, నఖ్ఖాష్ సిద్ధపడలేకపోయారు.

ఈ లోపాన్ని అంగీకరించిన తరువాత కూడా ఒక విషయం ఆలోచించదగి ఉన్నది. అధస్సూచిక ఎవరిని ఉద్దేశించినది? అది హీబ్రూలో లేదు, ఆంగ్లంలో లేదు, గ్రాంథిక అరబీలో ఉన్నది. అంటే రచయిత మనస్సులో ఉన్న చదువరి అరబ్బు, బహుశా ఇరాకీ. బాగ్దాదులో యూదుడు బజారుకు వెళ్ళి పొరుగువాని కోసం మాట మార్చుకున్నట్లే, నఖ్ఖాష్ పుట అడుగుకు దిగి మాట మార్చుకుంటున్నారు. వీధి పోయింది, పొరుగువాడు పోయాడు. మాట మార్చుకునే అలవాటు మాత్రం కాగితం మీద మిగిలింది. నవలగా అది అడ్డంకి. సాక్ష్యంగా చూస్తే, చీలిన ఆ పుటలోనే ఈ చరిత్ర అంతా ఉన్నది.

కలకత్తా చెప్పే పాఠం

పలుకు అంతరించడానికి నిర్వాసమే కారణమని సాధారణంగా అంటారు. భారతదేశంలోని బాగ్దాదీ యూదుల చరిత్ర ఈ మాటను కొంత సవరిస్తుంది. 18వ శతాబ్ది చివరనుండి బాగ్దాదు, అలెప్పో, బస్రా నగరాల యూదు వర్తకులు బొంబాయిలోను కలకత్తాలోను స్థిరపడ్డారు. డేవిడ్ ససూన్ 1832 ప్రాంతంలో బొంబాయి చేరారు. వీరు తమ అరబీని వెంట తెచ్చుకున్నారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ రెండు నగరాలలో హీబ్రూ లిపిలో అరబీ పత్రికలు అచ్చయ్యాయి. 1870లు, 1880లలో కలకత్తాలో వెలువడిన 'మెవస్సేర్', 'పేరహ్' అటువంటివి.

ఇక్కడ వారిని ఎవరూ తరిమివేయలేదు, ఎవరూ వారి మాటను నిషేధించలేదు. అయినా రెండు మూడు తరాలలో వారి ఇళ్ళలో ఆంగ్లం ప్రవేశించి అరబీ స్థానాన్ని ఆక్రమించింది. కలకత్తా వీధిలో అరబీకి బదులు పలికే పొరుగువాడు లేడు. వ్యాపారానికి ఆంగ్లం, వంటవానితో హిందుస్తానీ చాలాయి. ఇంటి నాలుగు గోడల మధ్య మిగిలిన మాట ప్రార్థనకూ వంటకాల పేర్లకూ పరిమితమైంది. బలవంతంగా సాగనంపబడినవారి మాటకూ, ఇష్టపడి వలసవెళ్ళినవారి మాటకూ చివరకు పట్టిన గతి ఒకటే కావడం గమనించదగినది. రెండు చోట్లా తెగినది ఇరుగుపొరుగు బంధం.

పేరును గురించి ఒక మాట

ఇటీవలి సంవత్సరాలలో ఎల్లా షోహత్ అనే విదుషి 'యూదు–అరబీ' అనే పేరునే ప్రశ్నించారు. ఆమె కూడా బాగ్దాదు యూదుల కుటుంబానికి చెందినవారు. తమ తల్లిదండ్రులు తాము మాట్లాడేది అరబీ అనే అన్నారనీ, దానిని వేరే భాషగా విడదీసే పేరు తరువాత పండితులు కల్పించినదనీ ఆమె వాదం. ఈ వాదంలో బలం ఉన్నది. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు పలికినవన్నీ బాగ్దాదు అరబీయే. వాటిలో ఒకదానిని తీసి పక్కన పెడితే అది అరబ్బులకు యూదుల సొత్తుగాను, ఇజ్రాయెలీలకు అరబ్బుల అవశేషంగాను కనిపిస్తుంది. ఇద్దరూ దానిని తమది కాదని అనడానికి పేరే వీలు కల్పిస్తుంది. అయితే భేదం లేదనడం కూడా సరికాదు. 'ఖెల్తు' అన్నందుకు వీధిలో గుర్తుపట్టబడినవాడికి ఆ భేదం నిజమైనదే. నఖ్ఖాష్ నవల ఈ రెండు సత్యాలనూ ఒకే పుటలో నిలుపుతుంది. వినగానే భేదం తెలుస్తుంది, అర్థంలో ఐక్యం తెలుస్తుంది.

మిగిలినది ఏమిటి

నేడు బాగ్దాదులో మిగిలిన యూదుల సంఖ్య వ్రేళ్ళమీద లెక్కించదగినది. ఈ పలుకును తల్లి ఒడిలో నేర్చినవారు వృద్ధులు. ఇజ్రాయెల్‌లోను, ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశాలలోను వారు విడివిడిగా నివసిస్తున్నారు. ఇళ్ళలో పిల్లలకు దీనిని మొదటి భాషగా నేర్పే తరం గతించింది. బ్లాంక్ గ్రంథం ఉన్నది, యాకోబ్ మన్సూర్ 1991లో వెలువరించిన వ్యాకరణ వివరణ ఉన్నది, ధ్వనిముద్రణలు ఉన్నాయి. పదాలకు ఇకపై లోటు ఉండదు.

నఖ్ఖాష్ విషయంలో మాత్రం ఒక చిన్న మలుపు కనిపిస్తుంది. ఆయన చివరి నవల 'ష్లోమో అల్ కుర్దీ, నేను, కాలం' 2004లో జర్మనీలోని కొలోన్ నగరంనుండి వెలువడింది. ప్రచురించిన 'అల్ జమల్' సంస్థను స్థాపించినవారు ఒక ఇరాకీ ప్రవాసి. యూదుల సంస్థల ద్వారా అచ్చవుతూ వచ్చిన రచయితను చివరకు ఒక ఇరాకీ ముద్రాపకుడు ఇరాకీ పాఠకుల ముందుంచారు. 2003 తరువాతి కాలంలో అలీ బద్ర్ వంటి ఇరాకీ నవలాకారులు తమ నగరంనుండి వెళ్ళిపోయిన యూదులను పాత్రలుగా స్వీకరించి రాశారు. 'నుజూలా' ఆంగ్లానువాదం 2018లో అమెరికాలో ప్రచురితమైంది. ఆంగ్లంలో 'ఘాస్', 'రాస్' రెండూ ఒకే మాటగా మారిపోక తప్పదు. ఆ అనువాదం కథను అందించగలదు, వీధిని అందించలేదు.

నఖ్ఖాష్ నవలకు సంపూర్ణ విజయమని కితాబివ్వడం సాధ్యం కాదు. అది కష్టమైన గ్రంథం, కొన్నిచోట్ల అనవసరంగా కష్టమైనది. అయితే నిఘంటువు చేయలేని ఒక పనిని అది చేసింది. నిఘంటువు మాటకు అర్థం చెబుతుంది. ఈ నవల ఆ మాటను ఎవరితో అన్నారో చెబుతుంది. బాగ్దాదు యూదుల పలుకును రక్షించవలసిన బాధ్యత యూదులది మాత్రమే అనుకోవడం ఆ పలుకు పుట్టుపూర్వోత్తరాలను మరచిపోవడమే. అది ఖలీఫాల నగరపు అరబీ. దానికి వారసులు ఇద్దరు, మాట్లాడినవాడూ, విని అర్థం చేసుకున్నవాడూ. మొదటివాడు తన వంతు పని పుట పైభాగంలో ముగించి వెళ్ళాడు. కిందిభాగం రెండవవాని కోసం గ్రాంథిక అరబీలో రాసిపెట్టి ఉన్నది.